విమాన పాయింట్ల సదస్సు: హైదరాబాద్ వెళ్లేవాళ్లకి అక్కడ దొరికిన లెక్క

ఈ వారం ఎపిసోడ్‌లో విమాన పాయింట్ల సదస్సుకి వెళ్లొచ్చిన సంగతి చెప్పాను కదా. "పాయింట్ల గురించి ఒక రోజంతా మాట్లాడుకునేదేముంటుంది?" అని అనుకునేవాళ్లుంటారు. ఆడియోలో అంకెలు కూడా గబగబా వెళ్లిపోయాయి. అందుకే వాటిని, వాటి వెనకున్న లెక్కని ఇక్కడ నిదానంగా రాస్తున్నాను. నేనుండేది ఓక్‌విల్‌లో. ఓక్‌విల్, మిస్సిసాగా, బ్రాంప్టన్ వైపు ఉంటూ రెండేళ్లకో మూడేళ్లకో హైదరాబాద్ వెళ్లొచ్చే కుటుంబాలకి పనికొచ్చేలా రాశాను.

ఈ సదస్సులు ఎందుకు పుట్టాయి

1981 మే నెలలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన మైళ్ల పథకం మొదలుపెట్టింది. 1984లో ఎయిర్ కెనడా ఏరోప్లాన్‌తో వచ్చింది. మొదట్లో ఎంత ఎగిరితే అన్ని మైళ్లు. తర్వాత బ్యాంకులు, హోటళ్లు, సరుకుల కొట్లు కూడా చేరడంతో విమానం ఎక్కకుండానే మైళ్లు కూడబెట్టే దారులు పెరిగాయి. 1999లో కాలిఫోర్నియా ఇంజనీరు డేవిడ్ ఫిలిప్స్ ఒక కంపెనీ ఆఫర్ చూసి పన్నెండు వేలకి పైగా పుడ్డింగ్ కప్పులు కొన్నాడు. మూడు వేల డాలర్ల చిల్లర ఖర్చుకి అతనికి పన్నెండు లక్షలకి పైగా మైళ్లు వచ్చాయి. ఇలాంటి లెక్కలు ఒకరికొకరు చెప్పుకోవాలనుకున్నవాళ్లు హోటళ్లలో కలుసుకోవడం మొదలుపెట్టారు. ఆ కలయికలే సదస్సులయ్యాయి.

నేను వెళ్లింది చిన్నది. పియర్సన్ విమానాశ్రయం దగ్గర ఒక హోటల్లో, ఒక్క రోజు. పొద్దున కొత్తవాళ్లకి పాఠాలు, మధ్యాహ్నం ముదిరినవాళ్లకి. ఒకరిద్దరు వక్తలు "ఫోన్లు పక్కన పెట్టండి, రికార్డు చేయకండి" అన్నారు. పదిమందికీ తెలిసిన లొసుగుని కంపెనీ మూసేస్తుందని వాళ్ల భయం. నాకు మాత్రం పనికొచ్చిన విషయాలు వేదిక మీద కంటే భోజనాల బల్ల దగ్గరే ఎక్కువ దొరికాయి. మన దారిలోనే వెళ్లొచ్చినవాళ్లు అక్కడే కూర్చున్నారు మరి.

మొదటి లెక్క: పాయింటు విలువెంత?

దీనికి సూత్రం తేలిక. డబ్బిస్తే టికెట్ ఎంతో చూడండి. పాయింట్లతో తీసుకున్నా చేతి నుంచి కట్టాల్సిన పన్నులు అందులోంచి తీసేయండి. మిగిలినదాన్ని పాయింట్ల సంఖ్యతో భాగించండి.

ఒక వైపు టికెట్ 800 డాలర్లు, పన్నులు 150, అడిగిన పాయింట్లు 70,000 అనుకుందాం. 650ని 70,000తో భాగిస్తే పాయింటుకి ఒక సెంటు కూడా రాదు. అలాంటప్పుడు డబ్బు పెట్టి కొనుక్కోవడమే నయం. అదే టికెట్ 1,600 అయిన రోజున పాయింటుకి రెండు సెంట్లు దాటుతుంది. అప్పుడు పాయింట్లు తీయొచ్చు. పాయింటుకి స్థిరమైన విలువంటూ లేదు, మీరు వాడే రోజుని బట్టి అది మారుతుంది.

ఇంకో మాట. కెనడాలో చాలా క్రెడిట్ కార్డుల వడ్డీ ఇరవై శాతం చుట్టూ ఉంటుంది. నెలనెలా బిల్లు మొత్తం కట్టలేకపోతే ఆ నెలతోనే పాయింట్ల లాభం పోతుంది. అలాంటివాళ్లు ఈ ఆట జోలికి పోకూడదని సదస్సులో మొదటి పాఠంలోనే చెప్పారు.

రెండో లెక్క: ఢిల్లీ వేరు, హైదరాబాద్ వేరు

ఏరోప్లాన్ దూరాన్ని మైళ్లలో లెక్కేస్తుంది. ఎక్కిన ప్రతి విమానం దూరమూ కలుపుతుంది. ఉత్తర అమెరికా నుంచి ఇండియాకి 6,001 నుంచి 8,000 మైళ్ల దాకా ఒక మెట్టు, 8,000 దాటితే ఇంకో మెట్టు. టొరంటో నుంచి ఢిల్లీ సుమారు 7,230 మైళ్లు. ఢిల్లీ నుంచి హైదరాబాద్ సుమారు 790. రెండూ కలిపితే 8,000 గీత అలా దాటుతుంది, అంతే. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా లుఫ్తాన్సాలో వెళ్లినా 8,300 దాటుతుంది. 2020 నవంబరులో వచ్చిన చార్టు ప్రకారం భాగస్వామి విమానాల్లో ఎకానమీకి కింది మెట్టు 55,000 పాయింట్లు, పై మెట్టు 70,000. ఆ చివరి రెండు గంటల ప్రయాణానికి పదిహేను వేల పాయింట్లు అదనంగా పోతాయన్నమాట. చార్టు అంకెలు మారుతుంటాయి కాబట్టి బుక్ చేసే రోజు మళ్లీ చూసుకోండి.

అయితే ఢిల్లీ దాకా పాయింట్లతో తీసుకుని, అక్కణ్ణుంచి హైదరాబాద్‌కి రూపాయల్లో విడిగా కొనుక్కోవచ్చా? కొనుక్కోవచ్చు, కానీ రెండు చిక్కులున్నాయి. ఇండియా లోపలి విమానాల్లో ఎకానమీ చెకిన్ సామాను మామూలుగా 15 కిలోలే. ఇక్కణ్ణుంచి రెండు పెద్ద సూట్‌కేసులతో దిగినవాళ్లు మిగతా బరువుకి విడిగా కట్టాలి. రెండోది, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే విడి టికెట్ బాధ్యత ఎవరూ తీసుకోరు. ఒక్కరే చేతిసంచితో వెళ్తుంటే విడి టికెట్ బాగానే ఉంటుంది. పిల్లలతోనో, వీల్‌చైర్ సాయం కావాల్సిన అమ్మానాన్నలతోనో అయితే ఆ పదిహేను వేలు ఇచ్చేసి ఒకే టికెట్ మీద వెళ్లడం మంచిది.

సెలవుల్లో నాలుగు సీట్లు

బడి సెలవులు అందరికీ ఒకేసారి వస్తాయి. డిసెంబరులోనో జులైలోనో ఒకే విమానంలో నాలుగు సీట్లు పాయింట్లకి దొరకడం కష్టం, ఎందుకంటే డబ్బిచ్చి కొనేవాళ్లు ఉన్నప్పుడు కంపెనీలు పాయింట్లకి సీట్లు తక్కువగా వదులుతాయి. కుటుంబమంతా వెళ్లే ప్రయాణానికి టికెట్లు ముందుగా డబ్బుతో కొనుక్కుని, పాయింట్లని ఒక్కరో ఇద్దరో వెళ్లే ప్రయాణాలకి ఉంచుకోవడం నయమని నాకు అర్థమైంది. అమ్మానాన్నలని ఇక్కడికి పిలిపించుకోవడం అలాంటిదే. వాళ్లకి ఖాతా లేకపోయినా మన పాయింట్లతో వాళ్ల పేరు మీద టికెట్ తీయొచ్చు. వాళ్లు ఫిబ్రవరిలోనైనా బయల్దేరగలరు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి బిజినెస్ క్లాసు సీటు విలువ కూడా అప్పుడే తెలుస్తుంది.

దాచుకుంటే పెరగవు

బ్యాంకులో డబ్బుకి వడ్డీ వస్తుంది. పాయింట్లు మాత్రం దాచినకొద్దీ తరుగుతాయి, ఎందుకంటే టికెట్‌కి ఎన్ని పాయింట్లో ఇచ్చినవాళ్లే నిర్ణయిస్తారు. 2015లో డెల్టా తన చార్టునే తీసేసింది.

మన ఏరోప్లాన్ కథ కూడా గుర్తుంచుకోవాల్సిందే. ఒకప్పుడు అది ఎయిర్ కెనడా చేతి నుంచి ఏమియా అనే వేరే కంపెనీకి వెళ్లింది. 2017 మేలో ఎయిర్ కెనడా "మేం సొంత పథకం పెట్టుకుంటాం" అని ప్రకటించగానే ఏమియా షేరు ఒక్క రోజులో సగానికి పైగా పడిపోయింది. పాయింట్లు ఏమవుతాయో తెలియక జనం కంగారుపడ్డారు. చివరికి 2019 జనవరిలో ఎయిర్ కెనడా 450 మిలియన్ డాలర్లకి ఏరోప్లాన్‌ని తిరిగి కొనుక్కుంది. 2020 నవంబరులో వచ్చిన కొత్త పథకంలోకి పాత పాయింట్లు ఒకటికి ఒకటిగా చేరాయి. ఆ సారి అలా సర్దుకుంది.

చట్టం కొంత ఆదుకుంటుంది. 2016 చివర్లో ఎయిర్ మైల్స్ ఐదేళ్లు దాటిన మైళ్లు రద్దు చేయబోతే గొడవైంది, చివరికి వాళ్లు ఆ ఆలోచన మానుకున్నారు. ఆ డిసెంబరులోనే ఒంటారియో శాసనసభ, కేవలం కాలం గడిచిందన్న కారణంతో పాయింట్లు చెల్లకుండా చేయకూడదని చట్టం చేసింది. అయితే ఆ చట్టం పాయింటుని బతికిస్తుందే గానీ, దాని విలువని కాపాడదు.

మరి ఎన్ని ఉంచుకోవాలి?

భోజనాల దగ్గర గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక పెద్దాయన కలిశారు. ఆయన జవాబు చిన్నది: "ఏమ్మా, అర్ధరాత్రి ఇంటి నుంచి ఫోనొస్తే రేటు చూడకుండా విమానం ఎక్కగలగాలి. అన్ని పాయింట్లు ఉంచు, మిగతావి ఖర్చు పెట్టు."

ఆ మాట వెనక గట్టి లెక్కే ఉంది. రేపటి ప్రయాణానికి డబ్బు టికెట్ ధర మామూలుగా బాగా పెరిగిపోతుంది. చార్టు ప్రకారం ఇచ్చే భాగస్వామి విమానాల్లో సీటుంటే పాయింట్ల ధర ముందు రోజైనా అంతే. పైగా నాన్న ఆస్పత్రిలో ఉన్నప్పుడు తిరుగు ప్రయాణం ఎప్పుడో ఎవరూ చెప్పలేరు. డబ్బుతో కొంటే ఒక వైపు టికెట్ ఒక్కోసారి రానూపోనూ ధరకి దగ్గరగా ఉంటుంది. పాయింట్లతో అయితే ఒక వైపుకి సగమే. వెళ్లడానికి ఇప్పుడు తీసుకుని, తిరుగు టికెట్ సంగతి అక్కడి పరిస్థితిని బట్టి చూసుకోవచ్చు.

కాబట్టి ఒక్కరు వెళ్లి రావడానికి సరిపడా, అంటే పై చార్టు ప్రకారం 1,40,000 పాయింట్లు పక్కన ఉంచండి. ఖాతా పాస్‌వర్డ్ భార్యాభర్తలిద్దరికీ తెలిసి ఉండాలి. పాస్‌పోర్టు గడువు చూసుకోండి. కెనడా పౌరసత్వం తీసుకున్నవాళ్లయితే ఓసీఐ కార్డు గానీ, చెల్లే వీసా గానీ ఉందో లేదో ఈ వారమే చూడండి. అది లేకపోతే ఎన్ని పాయింట్లున్నా విమానం ఎక్కనివ్వరు.

అంతకు మించి ఉన్న పాయింట్లు ఈ ఏడాదే వాడేయండి. అమ్మని ఓసారి పిలిపించుకోండి. పూర్తి ట్రాన్‌స్క్రిప్ట్ ఈ కిందే ఉంది. ఢిల్లీ, ఫ్రాంక్‌ఫర్ట్ దారుల పోలిక అందులో ఇంకాస్త వివరంగా దొరుకుతుంది.