సీటు పట్టేయకముందే గ్రీజు పూయండి

శ్రీరాంపూర్: తండ్రి తొక్కిన సైకిలు బడికి వెళ్ళే పిల్లల చేతికి రావడం మన పల్లెల్లో మామూలే. తీరా సీటు దించబోతే గొట్టం కదలదు. బోల్టు వదులు చేసినా, ఇద్దరు కలిసి లాగినా జరగదు. సుత్తితో బాదితే ఫ్రేము వంగుతుంది. చివరికి గొట్టం కోయించాల్సి వస్తుంది. ఏడాదికి రెండుసార్లు పావుగంట శ్రద్ధ పెడితే ఈ నష్టం తప్పుతుంది.

2016లో మంచిర్యాల జిల్లా ఏర్పడేవరకు ఆదిలాబాద్ జిల్లాలో ఉన్న శ్రీరాంపూర్ బొగ్గు గనుల ప్రాంతం. కార్మికులు డ్యూటీలకు సైకిళ్ళపై వెళ్ళిన రోజులున్నాయి. మోటారు సైకిళ్ళు పెరిగినా, బడి పిల్లలకు, పొలం పనులకు వెళ్ళేవారికి సైకిలు ఇప్పటికీ అక్కరకొచ్చే బండే.

ఎందుకు పట్టేస్తుంది?

వాన నీరు సీటు గొట్టం వెంట కారి ఫ్రేములోకి దిగుతుంది. తుప్పు అసలు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఇరుకు సందులో అది చీల కొట్టినట్లు బిగుస్తుంది. కొన్ని సైకిళ్ళకు అల్యూమినియం గొట్టం ఉంటుంది. ఇనుప ఫ్రేములో తడి చేరితే అల్యూమినియం త్వరగా చెడి, తెల్లటి పొడి ఏర్పడి పట్టేస్తుంది. అల్యూమినియానికి ఏమీ కాదని వదిలేయరాదు.

ఏం చేయాలి?

రోహిణి కార్తెలో, వానలకు ముందు ఒకసారి. దసరా వెళ్ళాక మరోసారి ఈ పని చేయాలి. సీటు ఎత్తు తెలిసేలా గొట్టంపై గుర్తు పెట్టుకోండి. పానాతో బోల్టు వదులు చేసి, సీటును అటూ ఇటూ తిప్పుతూ పైకి లాగండి. గొట్టాన్ని కిరసనాయిలు గుడ్డతో తుడవండి. కర్రకు గుడ్డ చుట్టి ఫ్రేము లోపల కూడా శుభ్రం చేయండి. ఆరాక గొట్టానికి పలుచగా గ్రీజు పూసి, పాత గుర్తు వరకు దించి బిగించండి. కనీసం 7 సెంటీమీటర్లు ఫ్రేము లోపల ఉండాలి.

ఇప్పటికే పట్టేసి ఉంటే తుప్పు వదిలించే నూనెను అంచు చుట్టూ వేసి రాత్రంతా ఉంచండి. మర్నాడు మెల్లగా తిప్పి చూడండి. కదలకపోతే మళ్ళీ నూనె వేయండి. నిప్పుతో కాల్చకూడదు. నూనె అంటుకుంటుంది, రంగు పోతుంది. పైగా వేడికి అల్యూమినియం ఇనుముకన్నా ఎక్కువ వ్యాకోచిస్తుంది కనుక గొట్టం మరింత బిగుస్తుంది. అప్పటికీ రాకపోతే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళడమే మేలు.