కాలేజీ చూసి వద్దామా?

పిల్లలూ! మీ అక్కయ్య ఇంటరు పాసయింది. అనకాపల్లి జిల్లా నర్సీపట్నంలోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో చేరాలా, విశాఖపట్నం పోవాలా అని ఆలోచిస్తున్నది. ఆమె వెంట మీరూ వెళ్ళి కాలేజీ చూసి రండి.

చిన్న ఊరి కాలేజీ గనక పట్టా కూడా చిన్నదనుకోకండి. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయమే ఆ పట్టా ఇస్తుంది. అందుచేత భవనం కాదు, చదువు ఎలా సాగుతున్నదో చూడాలి.

పాఠాలు జరిగే రోజునే వెళ్ళండి. ప్రయోగశాలలో గాజు గొట్టాలకు దుమ్ము పట్టిందా? అయితే ప్రయోగాలు జరగటం లేదన్నమాట! గ్రంథాలయంలో పుస్తకాల అట్టలు నలిగాయా? సంతోషించండి, చదివేవాళ్ళున్నారు. అక్కయ్య కోరిన సబ్జెక్టు చెప్పటానికి అధ్యాపకులున్నారా? ఇంటికి ఆఖరి బస్సు ఎప్పుడు? ఇవన్నీ అక్కడి విద్యార్థులనే అడగండి.

చివరకు నిర్ణయం మాత్రం అక్కయ్యకే వదలండి. చదవవలసింది ఆమే కదా!