తొలకరిలో వజ్రములు వెదకు స్త్రీలు

వజ్రమనగానే మనకు ముక్కుపుడకయో చెవికమ్మలో జ్ఞప్తికి వచ్చును గాని, ఎఱ్ఱమట్టిలో పాదములు కూరుకొనిపోవుచుండ నడుము వంచి నడచు స్త్రీ జ్ఞప్తికి రాదు. తొలకరి జల్లులు పడినతోడనే కర్నూలు జిల్లాలోని జొన్నగిరి, తుగ్గలి ప్రాంతములందును, అనంతపురము జిల్లాలోని వజ్రకరూరు చుట్టుపట్లను ఇట్టి స్త్రీ లనేకులు కానవత్తురు. భర్తలవెంట వచ్చువారు కొందఱు, బిడ్డలను చంక నిడుకొని వచ్చువారు కొందఱు. గుడి మంటపములలోనో చెట్లక్రిందనో వండుకొని తిని, ప్రొద్దు పొడిచినది మొదలు చీకటి పడువఱకు పొలములలో రాళ్లు ఏఱుచుందురు. మేము ఒక యేడు ఈ వేటను కన్నులార చూచితిమి.

వానలు పడిన పిదపనే వెదకుట యేల యని మాకును మొదట సందేహము కలిగెను. వజ్రమనగా పిడుగనియు అర్థము గలదు గనుక, ఉఱుములతో దీనికి సంబంధ మున్నదని తలపరాదు. వాననీటికి పైమట్టి కొట్టుకొనిపోగా గులకరాళ్లు బయటపడును. వజ్రమునకు జిడ్డంటును గాని నీరంటదు. కావున కడిగిన రాళ్లనడుమ ఏటవాలు ఎండలో అది తళుక్కుమనును. ఇంతకుమించి రహస్యము లేదు.

అసలు ఈ రాళ్లు మన పొలములలోనికి వచ్చిన తెఱగే మిగుల విచిత్రము. భూమిలో 150 కిలోమీటర్లకు పైబడిన లోతున, మన పొయ్యిలోని బొగ్గునందుండు మూలద్రవ్యమే, ఘోరమైన ఒత్తిడికి లోనై వజ్రమగును. సుమారు 110 కోట్ల సంవత్సరముల క్రిందట ఆ లోతునుండి కరగిన శిల ప్రేలుచు, గొట్టములవంటి బిలములగుండ వజ్రకరూరు సీమలో పైకెగసెను. ఆ శిలకు దక్షిణాఫ్రికాలోని కింబర్లీ పట్టణమును బట్టి కింబర్లైటు అని పేరు. అది ఎండకు వానకు చివికి మన్నై పోయినది. అందలి వజ్రములు మాత్రము చివుకక, యుగయుగముల వానలలో వాగులవెంబడి కొట్టుకొనిపోయి కంకరపొరలలో చిక్కుకొనినవి. పొలములో దొరకు రాయి తల్లిని విడిచి దూరము వచ్చిన బిడ్డ యన్నమాట. 1881లో వజ్రకరూరున సుమారు 67 క్యారెట్ల రాయి యొకటి దొరికెను. క్యారెట్టనగా గ్రాములో అయిదవవంతు.

1725 ప్రాంతమున బ్రెజిలు దేశమున వజ్రములు బయటపడువఱకు లోకమునకు వజ్రము లిచ్చినది ముఖ్యముగా మన దేశమే. కృష్ణాతీరమందలి కొల్లూరు గనిలో ఇంచుమించు 60,000 మంది పనిచేయుచుండిరని, పదునేడవ శతాబ్దమున దానిని చూచిన టావెర్నియే అను ఫ్రెంచి వర్తకుడు వ్రాసెను. మగవారు త్రవ్వుదురు, స్త్రీలును పిల్లలును మట్టి మోయుదురు. చిన్నగోడ కట్టిన చదునులో ఆ మట్టిని పోసి, నీరు పట్టి, బురద పోవువఱకు కడిగి, ఆరిన పిమ్మట ధాన్యమువలె చెఱిగి, మిగిలినదానిని చేతితో ఏఱుదురు. మన వంటింటి పనియే గదా! నేడా కొల్లూరు పులిచింతల జలాశయమున మునిగియున్నది.

వరాహమిహిరుడు బృహత్సంహితలో వజ్రపరీక్షను చెప్పుచు, మంచి వజ్రము నీటిపై తేలుననెను. తేలదు, నీటికంటె మూడున్నర రెట్లు బరువైనది, మునుగును. పుత్రులను గోరు స్త్రీలు వజ్రము ధరింపరాదని కొందఱు అందురనియు ఆయనయే వ్రాసెను. ఆ కొందఱు ఎవరో గాని, ఇంటి ఖర్చు నెఱిగినవారై యుందురు.

పొలములో పనికివచ్చు గుఱుతులు వేఱు. వజ్రము తఱచు రెండు గోపురములను అడుగు నడుగు చేర్చినట్లు ఎనిమిది ముఖములతో నుండును; స్ఫటికము ఆఱుపలకల కడ్డీవలె నుండును. గాజును గీసినంతనే మురియరాదు, స్ఫటికమును గీయును. రాతిపై ఊపిరి విడిచినచో, వజ్రమైనయెడల ఆవిరి వెంటనే మాయమగును. సుత్తితో కొట్టి చూచుట శుద్ధ అవివేకము. గీతకు లొంగని వజ్రము దెబ్బకు చీలిపోవును.

ఈ గుఱుతు లెఱుగనివారికి నష్టము రెండువిధముల కలుగును. రాయి దొరకనిచో కూలి పోవును. దొరికినచో చాటుగా కొనువాడు చెప్పినదే వెల. మధ్యప్రదేశములోని పన్నాలో ప్రభుత్వమువారు చిన్న చిన్న చెలకలను కౌలున కిచ్చి, దొరికిన రాతిని తమ కార్యాలయమున తూచి, వేలము వేసి, తమ భాగము మినహాయించుకొని తక్కిన సొమ్ము త్రవ్వినవారికే ఇచ్చెదరు. మన సీమలోను అట్టి ఏర్పాటుండిన ఎంత మేలు! పొలము గలవారి మొఱయు వినవలసినదే. విత్తు వేయు అదనున పరులు చాళ్లు త్రొక్కిపోవుచుండిన ఏ రైతు సహించును?

మేము వెళ్లిననాడు ఒక వేపచెట్టుక్రింద పొయ్యి రాజేయుచున్న ఇల్లాలు మమ్ము పిలిచి, కొంగుముడి విప్పెను. "అమ్మా, సదువుకున్నోళ్ల మాదిరుండారు. దీన్ని రవ్వంత సూడండి" అనెను. శనగగింజంత తెల్లని రాయి. పండ్రెండు దినములనుండి వారక్కడ నున్నారట. ఊరిలో చెనిక్కాయ విత్తు కూలి వదలుకొని, చేబదులు తెచ్చుకొని వచ్చిరట. మేము రాతిని త్రిప్పి చూచితిమి. ఒకవైపు విఱిగినను పలకలు ఆఱే. ఊపిరి విడిచితిమి, ఆవిరి నిలిచెను. అబద్ధమాడుటకు నోరు రాలేదు, నిజము చెప్పుటకును రాలేదు. తుదకు స్ఫటికమని చెప్పితిమి.

ఆమె కొంతసేపు పొయ్యివంక చూచెను. పిదప, "పోనీలేమ్మా, రేయికి వానొచ్చేటట్టుండాది" అని, ఆ రాతినే మఱల కొంగున ముడివేసికొనెను.