నేల తాకే వేళ

కోల్‌కతా దక్షిణ భాగాన ఉన్న బెహాలా విమానాశ్రయం పేరు మనలో చాలమందికి తెలియదు. పెద్ద విమానాల రద్దీ అంతయు దమ్‌దమ్‌ది. బెహాలా ఒకప్పుడు విమాన చోదన శిక్షణకు నెలవు. 1928-29 ప్రాంతాలలో ఢిల్లీ, బొంబాయి, కలకత్తాలలో ఫ్లయింగ్ క్లబ్బులు వెలసిన నాటినుండి శిక్షణార్థులను, వారి తల్లిదండ్రులను సమానంగా కలవరపెట్టే ఘట్టం ఒక్కటే, విమానాన్ని క్షేమంగా దించడం. మన సంస్థ కుటుంబాల పిల్లలు కొందరు ఈ విద్యవైపు మొగ్గుతున్నందున, ఇందులోని యంత్రశాస్త్రాన్ని కొంత వివరింపదలచినాము.

ఒక తరంవారు నేర్చినది హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారి 'పుష్పక్' మీద. 1958లో తొలిసారి ఎగిరిన ఈ రెండు సీట్ల విమానానికి 90 అశ్వశక్తుల ఇంజను, తోకక్రింద చిన్న చక్రం. గరిమనాభి ప్రధాన చక్రాలకు వెనుకగా ఉండుటచేత, నేల తాకిన పిదప ముక్కు కొంచెం ప్రక్కకు తిరిగినా ఆ తిరుగుడు తనంతట తానే పెరుగుతుంది. క్షణం ఏమరితే విమానం గిర్రున తిరిగి, రెక్క కొన నేలకు రాచుకొంటుంది.

తరువాతి సెస్నా 152 వంటి వానిలో మూడవ చక్రం ముక్కుక్రిందికి మారినది. ఆ ఆపద తగ్గి మరొకటి వచ్చినది. వేగం మిగిలి ఉండగా బలవంతాన దించబోతే విమానం బంతివలె గెంతుతుంది. బెదరిన శిక్షణార్థి ముక్కును క్రిందికి నొక్కుతాడు. ముక్కుచక్రం ముందుగా తగిలి విమానం మరింత ఎత్తుకు గెంతుతుంది. రెండు మూడు గెంతులలో ముక్కుచక్రపు కాలు వంగుతుంది, ప్రొపెల్లర్ నేలను కొడుతుంది. ఇంజనుకు పూర్తి శక్తినిచ్చి మరల పైకి పోవడమే దీనికి మందు.

గతిశక్తి వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది కదా! వేగం 10 శాతం పెరిగితే శక్తి 21 శాతం పెరుగుతుంది. అందుచేతనే రెక్కలు పట్టు విడిచే వేగానికి సుమారు 1.3 రెట్ల వేగంతో రమ్మని బోధిస్తారు. దమ్‌దమ్ రన్‌వేలు దాదాపు ఉత్తర దక్షిణాలుగా ఉన్నవి. వేసవి సాయంకాలాలలో వాయవ్యం నుండి వచ్చే కాల్‌బైశాఖి గాలి వానికి ఏటవాలుగా తగులుతుంది. అటువంటి వేళ శిక్షణ విమానం షెడ్డులో ఉండడమే మర్యాద.

మాకు వీటన్నిటికన్న ఆందోళన కలిగించేది, గట్టిగా దిగిన సంగతిని దాచడం. పైకి విమానం చక్కగానే కనిపిస్తుంది. ముక్కుచక్రపు కాలు బిగించిన చోట రేకు ముడతపడి, రివెట్లు సడలి ఉండవచ్చు. ప్రొపెల్లర్ నేలకు తగిలిన ఇంజను మామూలుగా తిరుగుతున్నా, లోపలి క్రాంక్ షాఫ్టును పరీక్షింపక నమ్మరాదు. మందలింపునకు జంకి ఒకరు మౌనం వహిస్తే, మరునాడు ఆ సీటులో కూర్చునేది మరొకరి బిడ్డ. పుస్తకంలో ఒక్క పంక్తి వ్రాసిన చాలును, ఇంజనీరు మూత విప్పి, టార్చిలైటు వెలుగులో ఆ రివెట్ల వరుసను చూచిన తరువాతనే విమానం బయటికి వస్తుంది.