సెలవుల్లో పిల్లల చేతికి ఏ పుస్తకం ఇద్దాం? హానా సూట్‌కేసు కథ

సెలవులొచ్చేశాయి. మీ ఇంట్లో ఆరో, ఏడో, ఎనిమిదో క్లాసు చదివే తమ్ముడో చెల్లెలో ఉన్నారా? ఈ ఎపిసోడ్ వాళ్ళ కోసమే, కానీ వినాల్సింది మాత్రం మీరు.

హిట్లర్ అంటే మనకేం గుర్తొస్తుంది? ఇంట్లో స్ట్రిక్ట్‌గా ఉండే నాన్న. కాపీ కొట్టనివ్వని సారు. చెల్లెళ్ళకి కాపలా కాసే అన్నయ్య, 1997లో చిరంజీవి గారి సినిమా పేరే అది. సినిమాని నేనేం అనట్లేదు, నాకూ ఇష్టమే. మాట అలా వాడుకలోకి వచ్చేసింది, అంతే. కానీ పిల్లలకి ఆ పేరు ముందు జోక్‌గా తెలుస్తోంది. తర్వాత హైస్కూల్ సోషల్ పాఠంలో "60 లక్షల మంది యూదులను చంపించాడు" అని ఒక అంకెగా వస్తుంది. బట్టీ పట్టి, పరీక్ష రాసి మర్చిపోతారు. ఆ 60 లక్షల్లో సుమారు 15 లక్షల మంది పిల్లలే అన్న సంగతి ఎవరికీ తట్టదు.

అందుకే ఈ వయసు వాళ్ళకి అంకెతో కాదు, ఒక్క పిల్లతో మొదలుపెట్టాలి అంటాను. ఎవరి కథతో?

చాలామంది టక్కున ఇచ్చేది "ది బాయ్ ఇన్ ది స్ట్రైప్డ్ పైజామాస్". 2006లో జాన్ బోయ్న్ రాసిన నవల, సినిమా కూడా వచ్చింది. ఏడిపిస్తుంది, నిజమే. కానీ అది కల్పన, అందులో అసలు విషయమే తప్పుదోవ పడుతుంది. క్యాంపు అధికారి కొడుకు రోజూ కంచె దగ్గరికెళ్ళి లోపలున్న యూదు పిల్లాడితో కబుర్లు చెబుతాడు. ఆష్విట్జ్‌లో పనికి రారనుకున్న చిన్న పిల్లల్లో చాలామందిని రైలు దిగిన రోజే చంపేశారు. హోలోకాస్ట్ చరిత్ర చదివేవాళ్ళు, చెప్పేవాళ్ళు ఈ నవల జోలికి పోవద్దని 2020లో ఆష్విట్జ్ మ్యూజియమే చెప్పింది. పైగా కథ చివర్లో మనం ఎక్కువగా ఏడ్చేది ఎవరి కోసం? ఆ అధికారి కొడుకు కోసం. నాకు అక్కడే ఇబ్బంది.

ఆన్ ఫ్రాంక్ డైరీ గొప్పదే. కాకపోతే ఆరో క్లాసు పిల్లలకి కొంచెం బరువు, ఎనిమిది దాటాక ఇవ్వండి.

నేను చెప్పేది "హానాస్ సూట్‌కేస్". కెనడా రేడియోలో పనిచేసిన కరెన్ లెవీన్ 2002లో రాశారు. చిన్న పుస్తకం, ఇంగ్లీషు తేలిక, ఫోటోలు బోలెడు.

కథ మొదలయ్యేది యూరప్‌లో కాదు, జపాన్‌లో. 2000లో టోక్యోలోని ఒక చిన్న హోలోకాస్ట్ విద్యా కేంద్రానికి ఆష్విట్జ్ మ్యూజియం నుంచి ఒక సూట్‌కేసు వచ్చింది. దాని మీద తెల్ల పెయింటుతో హానా బ్రాడీ అనే పేరు, 1931 మే 16 అనే పుట్టిన తేదీ, జర్మన్‌లో ఒక మాట: "వైజెన్‌కిండ్". అంటే అనాథ. లోపల ఏమీ లేదు. అక్కడికొచ్చే పిల్లలు కేంద్రం నడిపే ఫుమికో ఇషియోకాని ప్రశ్నలతో చంపేశారు. ఎవరీ అమ్మాయి? ఎలా ఉండేది? ఏమైంది?

ఇక ఆవిడ వెతకడం మొదలుపెట్టింది. పుస్తకంలో ఒక చాప్టర్ టోక్యోలో, ఇంకోటి హానా ఊర్లో నడుస్తాయి. డిటెక్టివ్ కథలా లాక్కుపోతుంది.

హానాది అప్పటి చెకోస్లోవేకియాలో నోవే మ్యేస్తో అనే చిన్న ఊరు. అమ్మానాన్నలకి కొట్టు ఉండేది. అన్న జార్జ్ మూడేళ్ళు పెద్ద. నాజీలు వచ్చాక ముందు సినిమాకి వెళ్ళొద్దన్నారు, తర్వాత బడికి రావొద్దన్నారు. 1941లో అమ్మని పట్టుకెళ్ళారు, అదే ఏడాది నాన్ననీ. 1942 మేలో అన్నాచెల్లెళ్ళని తెరేజీన్ ఘెట్టోకి తోలారు. అక్కడ ఫ్రీడ్ల్ డిక్కర్ బ్రాండైస్ అనే చిత్రకారిణి పిల్లలకి బొమ్మలు నేర్పేది. హానా వేసిన బొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి. 1944 సెప్టెంబరులో అన్నని ఆష్విట్జ్‌కి పంపేశారు. నెల తర్వాత హానా వంతు. అన్నని చూడబోతున్నానని స్నేహితురాలితో జడ సరిచేయించుకుని రైలెక్కింది. దిగిన రోజే చంపేశారు. 13 ఏళ్ళు.

ఇది చదివాక మీ చెల్లి కాసేపు మాట్లాడకపోవచ్చు. పర్లేదు, వదిలేయండి. ఫోన్ ఇచ్చి మరిపించకండి.

తర్వాత ఇషియోకా తెరేజీన్ వెళ్ళి పాత జాబితాలు తిరగేసింది. హానా పేరు పక్కన టిక్కు. చనిపోయినవాళ్ళకి అలా టిక్కు పెట్టేవారట. జార్జ్ పేరు పక్కన మాత్రం టిక్కు లేదు! అతను బతికే ఉన్నాడు, టొరంటోలో. తెరేజీన్‌లో నేర్చుకున్న ప్లంబింగ్ పనే అక్కడ బతుకుతెరువు అయింది. 2001లో కూతురితో కలిసి టోక్యో వచ్చి ఆ సూట్‌కేసు చూశాడు.

ఇక్కడితో అయిపోలేదు. 2004లో జార్జ్ కూతురు ఒక పాత ఫోటో చూస్తుంటే తేడా కనిపించింది. సూట్‌కేసు హ్యాండిల్ వేరే వైపు ఉంది! అడిగితే మ్యూజియం ఒప్పుకుంది: అసలుది 1984లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో అగ్నిప్రమాదంలో కాలిపోయింది. కావాలనే నిప్పు పెట్టారన్న అనుమానం ఉంది. టోక్యో వచ్చింది ఫోటో చూసి చేసిన నకలు.

"అయితే కథంతా ఫేకేనా?" అని మీ తమ్ముడు అడుగుతాడు. అడగాలి కూడా. హోలోకాస్టే అబద్ధం అని వీడియోలు చేసేవాళ్ళు ఇలాంటి సందు కోసమే చూస్తుంటారు. అప్పుడు వాడితోనే లెక్క వేయించండి. పెట్టె నకలు సరే, మరి జాబితాలో పేరు? బొమ్మలు? ఫోటోలు? 2019 దాకా బతికి, చెల్లెలి గురించి చెబుతూ తిరిగిన అన్న? వాడే తేలుస్తాడు.

ఒక్క జాగ్రత్త. 2002 నాటి ఎడిషన్ దొరికితే అందులో ఈ నకలు సంగతి ఉండదు. పుస్తకం మూశాక ఆ ముక్క మీరే చెప్పాలి. ముందే చెప్పేశారనుకోండి, ఆ పెట్టె కోసం వెతికే సరదా వాళ్ళకి పోతుంది.