లడఖ్ ఇసుకలో ముళ్ళపొద

లేహ్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడ ఏడాది పొడుగునా పడే వాన, తూర్పు తీరంలో ఒక్క తుపాను రాత్రి కురిసే వానతో సరితూగదు. సింధునది ఒడ్డున ఇసుక, గులకరాళ్ళే ఎక్కువ. అటువంటి చోట వెండిరంగు ఆకులతో పెరిగి, నారింజరంగు పండ్లతో విరగకాసే ముళ్ళపొద ఒకటున్నది. ఇంగ్లీషులో దానిని సీబక్‌థార్న్ అంటారు. ఎరువు వేసేవారు లేని ఆ ఇసుకలో దానికి తిండి ఎక్కడిది?

పొద మొదట్లో తవ్వి చూస్తే, వేళ్ళకు పగడపు గుత్తులవంటి బుడిపెలు కనిపిస్తాయి. వాటిలో కాపురముండేది ఫ్రాంకియా అనే బాక్టీరియా. చిక్కుడు, వేరుశనగ మొక్కలకు తోడ్పడే రైజోబియంకు ఇది దగ్గరి చుట్టం కాదు గాని, చేసే పని అదే. గాలిలో 78 శాతం నత్రజని ఉన్నా ఏ మొక్కా దానిని నేరుగా వాడుకోలేదు. ఫ్రాంకియా దానిని అమ్మోనియాగా మార్చి పొదకు అందిస్తుంది. ఈ మార్పు జరిపే ఎంజైము ప్రాణవాయువు తగిలితే చెడిపోతుంది. అందుచేత ఫ్రాంకియా దళసరి పొరలుగల చిన్న సంచులు కట్టుకొని, వాటి లోపల పని సాగిస్తుంది.

ఈ జీవి శాస్త్రజ్ఞులను చాలాకాలం ఏడిపించింది. దానికి పేరు పెట్టినది 1886లో. వేరునుండి విడదీసి విడిగా పెంచగలిగినది 1978లో, అదీ అమెరికాలో, స్వీట్‌ఫెర్న్ అనే మరొక పొదనుండి. ఆ పేరు జర్మన్ శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ ఫ్రాంక్ గౌరవార్థం పెట్టినది. వేరూ శిలీంధ్రమూ కలిసి చేసే కాపురాన్ని 1885లో 'మైకోరైజా' అన్నది ఆయనే. ఆ కాపురం కూడా ఈ పొద వేళ్ళలోనే ఉన్నది.

అది లేకుంటే ఇటువంటి నేలలో నత్రజని వ్యాపారం సరిగా సాగదు. ఒక్క నత్రజని అణువును విడగొట్టడానికి బాక్టీరియా కనీసం 16 ఏ.టి.పి. అణువులను ఖర్చుపెట్టాలి, ఏ.టి.పి.కి భాస్వరం కావాలి. క్షారగుణం గల నేలలో భాస్వరం సున్నంతో ముడిపడి సులభంగా కరగదు, కదలదు. దగ్గరలో ఉన్నది కాస్తా పీల్చుకున్నాక వేరు పస్తులుండవలసినదే. అప్పుడు శిలీంధ్రం, వేరు దూరలేని సందులలోకి సన్నని దారాలు పంపి భాస్వరాన్ని మోసుకొస్తుంది. దానికీ బాక్టీరియాకూ కూలి ఒకటే: ఆకులు ఎండలో వండి కిందికి పంపే చక్కెర.

ముగ్గురిలో ఇద్దరు కంటికి ఆనరు కనుక, మొక్కలు నాటేవారు తరచు వారిని మరచిపోతారు. శుభ్రపరచిన మట్టిలో పెంచిన మొక్కను బీడు ఇసుకలో పాతితే అది ఒంటరిదే. సరుగుడు వేళ్ళలో ఉండేదీ ఫ్రాంకియాయే. బలమైన చెట్ల బుడిపెలను నలగగొట్టి నారుమడిలో కలిపే పద్ధతి అందుకే వచ్చినది. నత్రజని ఎరువు గుమ్మరిస్తే మాత్రం బుడిపెలే తగ్గిపోతాయి!

లడఖ్ రైతులు ఈ పొద కొమ్మలు నరికి పొలాలకు కంచె పేరుస్తారు. వేరు మిగిలితే మళ్ళీ పిలకలు లేస్తాయి. కూకటివేళ్ళతో పెకలించిన చోట ఇసుక గాలికి కదలనారంభిస్తుంది.