పొగమంచులో పెద్ద లైటు వేస్తే దారి ఎందుకు కనబడదు?

సంక్రాంతి ముందు తెల్లవారుజామున చిలకలూరిపేట నుంచి ఒంగోలుకు 16వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్తుంటే మిరప చేలు, పత్తి చేలు, ముందున్న లారీ అన్నీ తెల్లగా మాయమవుతాయి. అప్పుడు డ్రైవరు హైబీమ్ తీసేసి లైటు కిందికి దించుతాడు. వెలుగు తగ్గిస్తాడేమిటి?

మబ్బూ గాలీ లేని రాత్రి నేల బాగా చల్లబడుతుంది. దాన్ని ఆనుకున్న గాలిలోని తేమ సన్నసన్నని నీటి చుక్కలవుతుంది. అదే పొగమంచు. తెల్ల దోమతెర లోపల కూర్చుని టార్చి వేసి చూడండి: తెరే మెరుస్తుంది, అవతలి గది కనబడదు. చుక్కలూ అంతే, వెలుగును కళ్లలోకే తిప్పికొడతాయి. దించిన లైటు రోడ్డు మీద పడుతుంది, తెల్ల గీత కనిపిస్తుంది.

లైటు దించినా దూరం కనబడదు, కాబట్టి వేగమూ తగ్గించాలి. గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు! ఎండ తగిలితే మంచు విడిపోతుంది. అందాకా రోడ్డు దిగి టీ బంకు దగ్గర ఆగడమే నయం.